పచ్చ నాచు పోయాక వచ్చిన గోధుమ జిగురు: భీమవరంలో ఒక రీఫ్ ట్యాంక్ కేసు

ఈ కేసు రాయడానికి ఒకటే కారణం. రీఫ్ ట్యాంక్‌లో (ఉప్పునీళ్లలో పగడాలు పెంచే అక్వేరియంలో) నాచు పట్టగానే, దానికి మేతయ్యే నైట్రేట్, ఫాస్ఫేట్ రెండింటినీ సున్నాకి దించేయాలని మన దగ్గర చాలామంది గట్టిగా నమ్ముతున్నారు. భీమవరంలోని ఈ ట్యాంక్‌లో మొదట వచ్చింది మామూలు పచ్చటి జుట్టు నాచు. దానివల్ల ఒక్క ప్రాణి కూడా చావలేదు. దాన్ని పోగొట్టాలని నీళ్లని సున్నా చేశాక వచ్చిన గోధుమ రంగు జిగురు మాత్రం నత్తలన్నిటినీ చంపింది. జోఆంథిడ్‌లు అనే మెత్తటి పగడాలు సగానికి పైగా ముడుచుకుపోయాయి. రెండింటినీ ఇంట్లోవాళ్లు నాచు అనే అన్నారు. కానీ ఒకదానికి చేసే వైద్యం రెండోదానికి మేత అవుతుంది. అందుకే ఏ నాచో తేల్చుకోకుండా ట్యాంక్‌లో ఏదీ వేయొద్దని నేను మొత్తుకుంటాను.

నేను గోదావరి జిల్లాల్లో ఇళ్లలోని మెరైన్ ట్యాంకులు చూసుకునే పని చేస్తాను. ఈ ట్యాంక్ యజమాని రొయ్యల చెరువులు చేసే పెద్దాయన. ఆయన ఒప్పుకున్నాకే ఇదంతా రాస్తున్నాను.

ట్యాంక్, దాని పుట్టుక

120 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 50 ఎత్తు. కింద సంప్, అంటే ఫిల్టర్ సామాన్లు ఉండే తొట్టి. రాళ్లు, ఇసుక ఆక్రమించిన చోటు తీసేస్తే నీళ్లు మొత్తం దాదాపు 350 లీటర్లు. నీళ్లలోని మురికిని నురుగుగా తీసే స్కిమ్మర్ ఉంది, నీళ్లు చల్లబరిచే చిల్లర్ ఉంది, కరెంటు పోతే పంపులకి ఇన్వర్టర్ ఉంది. చేపల్లో ఒక క్లౌన్ జంట, నాచు తినే ఒక లాన్‌మోవర్ బ్లెనీ, రెండు గోబీలు. పగడాలన్నీ మెత్తటి రకాలే: జోఆంథిడ్‌లు, మష్రూమ్‌లు, ఒక పెద్ద లెదర్ కోరల్. గట్టి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి కాబట్టి నేను చూసే ఏ ట్యాంక్‌లోనూ వాటిని పెట్టను. సముద్రం నుంచి తవ్వి తెచ్చిన, జీవులు పట్టి ఉన్న లైవ్ రాక్ కూడా వద్దంటాను. అందుకే ఈ ట్యాంక్‌లో ఉన్నదంతా ఎండు రాయి, తయారు చేసిన సిరామిక్ రాయి.

ఎండు రాయితో మొదలుపెట్టడం తప్పు కాదు, సరైన పనే. కాకపోతే అలాంటి ట్యాంక్‌కి మొదటి ఏడాది రెండేళ్లు ఒక బలహీనత ఉంటుంది. సముద్రపు రాయి మీద వందల రకాల సూక్ష్మజీవులు చోటు పట్టుకుని ఉంటాయి. ఎండు రాయి మీద అంతా ఖాళీ. ఆ ఖాళీలోకి ఎవరు ముందొస్తే వాళ్లదే రాజ్యం. ఈ కేసు పొడుగునా ఈ విషయం గుర్తుపెట్టుకోవాలి.

ట్యాంక్ సంక్రాంతి తర్వాత మొదలైంది. తొలి నెలల్లో ఇసుక మీద డయాటమ్‌ల (ఒంటికణపు నాచుల) గోధుమ పొడి వచ్చి దానంతటదే పోయింది. కొత్త ట్యాంకులన్నిట్లోనూ జరిగేదే అది.

కాలువలు కట్టేసిన వేసవి

గొడవ మొదలైంది వేసవిలో, నీళ్ల దగ్గర.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచి పడమటి డెల్టా బతుకంతా కాలువ నీళ్ల మీదే. దాళ్వా కోతలయ్యాక, వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. ఊళ్లన్నీ చెరువుల్లో నింపుకున్న నీళ్లతో, బోర్లతో నెట్టుకొస్తాయి. ఈ ఇంటికి ఇరవై లీటర్ల క్యాన్లు వేసే వాటర్ ప్లాంట్ కూడా అప్పుడు బోరు నీళ్లకి మారింది. క్యాన్ మీద రాతలో ఏ మార్పూ లేదు. టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్నవాటి లెక్క) మీటర్ పెట్టి చూస్తే మాత్రం కాలువ రోజుల్లో 70 ఉండేది ఇప్పుడు 140 చూపించింది. తాగడానికి రెండూ మంచి నీళ్లే. రీఫ్ ట్యాంక్‌కి రెండూ పనికిరావు. అక్కడ కావలసింది సున్నా.

ఎందుకో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది. వేసవిలో ఈ ట్యాంక్ నుంచి రోజుకి అయిదు లీటర్ల దాకా నీళ్లు ఆవిరవుతాయి. ఆవిరయ్యేది నీళ్లు మాత్రమే, అందులో కరిగినవన్నీ ట్యాంక్‌లోనే మిగిలిపోతాయి. రోజూ పై నీళ్లు పోస్తూ ఉంటే నెలకి 150 లీటర్ల క్యాన్ నీళ్లలోని నైట్రేట్, ఫాస్ఫేట్, సిలికేట్ అంతా 350 లీటర్లలో పేరుకుంటుంది. మన కాలువ అయినా బోరైనా వరి పొలాల మధ్య నుంచి వచ్చే నీరే. పొలంలో చల్లిన ఎరువు ఎంతో కొంత అందులో ఉండకుండా ఎలా ఉంటుంది?

దీనికి తోడు మధ్యలో సాల్ట్ మిక్స్ అయిపోతే పేరుపాలెం బీచ్ నుంచి టిన్నులతో సముద్రపు నీళ్లు తెచ్చి పోశారు. ఎంత దగ్గర్లో ఉన్నా మన తీరం నీళ్లు పగడాల నీళ్లు కావు. వశిష్ఠ గోదావరి అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ చుట్టుపక్కల తీరం పొడుగునా నది తెచ్చిన ఒండ్రు, ఎరువుల శేషం, సిలికేట్ ఉంటాయి. మన డెల్టా తీరంలో పగడపు దిబ్బలు లేకపోవడానికి ఈ బురద, తగ్గిపోయే ఉప్పదనమే కారణం. మన్నార్ సింధుశాఖలోనో, లక్షద్వీప్‌లోనో, అండమాన్‌లోనో ఉండే నీళ్లు వేరు.

మేత సంగతీ చెప్పాలి. వేసవి సెలవులకి మనవలొచ్చారు. ఇంట్లో ఎవరికి తోచినప్పుడు వాళ్లు మేత వేశారు. అంతకన్నా నన్ను భయపెట్టింది, చెరువు నుంచి తెచ్చిన పచ్చి రొయ్య ముక్కలు తరిగి వేయడం. వైట్ స్పాట్ వైరస్ చెరువుల్లో పెంచే వనామీ, టైగర్ రొయ్యలకి మాత్రమే అంటేది కాదు, అలంకారానికి పెంచుకునే రొయ్యలకీ పీతలకీ అంటుతుంది. ఫ్రీజర్‌లో పెట్టినా చావదు. చెరువులున్న ఇళ్లవాళ్లు ఇది తప్పకుండా గుర్తుంచుకోవాలి.

ఇలా అన్నీ కలిసి మే నెలకల్లా రాళ్ల మీద అంగుళం పొడుగు పచ్చ నాచు పట్టింది. ఫోటోల్లో చూస్తే డెర్బీసియాలా ఉంది, పీకితే సులువుగా వచ్చే రకం. ఈకల్లాంటి కొమ్మలుండే బ్రయోప్సిస్ అయితే కాదు.

సున్నా దాకా ఎలా వెళ్లింది

యజమాని దగ్గర మంచి పరికరమే ఉంది, హానా వాళ్ల అల్ట్రా లో రేంజ్ ఫాస్ఫరస్ చెకర్. అందులో 60 కనబడింది. దాన్ని ఆయన 0.06 పీపీఎం (పది లక్షల్లో వంతు) ఫాస్ఫేట్ అనుకున్నారు. ఈ తికమక చాలా ఇళ్లలో చూశాను. ఆ మీటర్ చూపించేది ఫాస్ఫరస్, అదీ పీపీబీలో, అంటే పీపీఎంలో వెయ్యో వంతులో. ఫాస్ఫేట్ కావాలంటే 3.066తో హెచ్చవేయాలి. 60ని హెచ్చవేస్తే దాదాపు 184 పీపీబీ, అంటే 0.18 పీపీఎం. 0.06 అయితే నాచు ఇంతలా ఎందుకు పట్టిందో అర్థం కాదు, 0.18 అయితే అర్థమవుతుంది. ఫాస్ఫేట్ బాగానే ఉంది, ఇంకేదో తేడా ఉందనుకుని ఆయన చుట్టుపక్కల హాబీవాళ్లని అడిగారు. ఎవరో జీఎఫ్ఓ వేయమన్నారు. జీఎఫ్ఓ అంటే గ్రాన్యులర్ ఫెర్రిక్ ఆక్సైడ్, ఫాస్ఫేట్‌ని పట్టేసే ఇనుప గుళికలు. డబ్బా మీద రాసినదానికి రెట్టింపు వేశారు. మేత రెండు రోజులకోసారికి తగ్గించారు. స్కిమ్మర్‌ని పొంగేలా తిప్పి పెట్టారు. పైగా వారం వారం పెద్ద పెద్ద నీటి మార్పిడులు.

నాచు తెల్లబడి, రాలి, పోయింది. ఇంట్లో అందరూ సంతోషించారు. మీటర్‌లో సున్నా. నైట్రేట్ కిట్ గొట్టంలో రంగే రాలేదు.

ఆ సున్నా చూసి సంబరపడకూడదు. నీళ్లలో పోషకాలు అడుగంటితే ముందు దెబ్బతినేది పచ్చ నాచు, దాంతోపాటు డయాటమ్‌లు, మంచి బ్యాక్టీరియా. రాళ్ల మీద చోటు మళ్లీ ఖాళీ అవుతుంది. డైనోఫ్లాజెలేట్‌లు, అంటే మేం డైనోలు అని పిలిచే ఒంటికణపు జీవులు, అలా కాదు. వాటిలో చాలా రకాలు వెలుతురుతో బతకగలవు, అవసరమైతే బ్యాక్టీరియాని తినీ బతకగలవు. పోటీ లేని చోట, తిండి లేని నీళ్లలో గెలిచేవి అవే.

నేను వెళ్లేటప్పటికి

తొలకరి పడి, కాలువలు వదిలిన రోజులవి. ఇసుకంతా, రాళ్లంతా గోధుమ రంగు జిగురు. చీమిడిలా తీగలు తీగలుగా సాగుతూ, తీగల చివర గాలి బుడగలు. సిరింజితో పీల్చేస్తే పోతుంది, మర్నాడు మధ్యాహ్నానికి మళ్లీ అంతే ఉంటుంది. నత్తలు వెల్లకిలా పడి ఉన్నాయి. జోఆంథిడ్‌లు మొగ్గల్లా మూసుకుపోయాయి. చేపలు బాగానే ఉన్నాయి, బ్లెనీ మాత్రం డొక్కలు పీక్కుపోయి ఉంది, గీరుకోవడానికి దానికి రాళ్ల మీద నాచే లేదు.

"మళ్లీ నాచొచ్చిందండి, ఇంకో డబ్బా జీఎఫ్ఓ తెప్పించాను," అన్నారు ఆయన. మూత విప్పని డబ్బా బల్ల మీదే ఉంది. "అది పక్కన పెట్టండి. ముందు దీని పేరేంటో తెలుసుకుందాం," అన్నాను.

నత్తలు చావడం, బుడగలు, రాత్రి తగ్గి పగలు పెరగడం మూడూ ఒక వైపే చూపిస్తున్నాయి. అయినా కంటితో చూసి నిర్ణయించకూడదు. ఎర్ర జిగురు వేసే సయానోబ్యాక్టీరియాకీ బుడగలొస్తాయి. డయాటమ్‌లూ గోధుమ రంగే. ఇంట్లో చేసుకోగలిగిన పరీక్ష ఒకటుంది. కాస్త జిగురుని ట్యాంక్ నీళ్లతో చిన్న సీసాలో పోసి గట్టిగా ఊపాలి. ఫిల్టర్ పేపర్లోంచి వడకట్టి, ఆ నీళ్లని వెలుతురులో పెట్టాలి. గంటలోపు గోధుమ తీగలు మళ్లీ అల్లుకుంటే డైనోలు అనుకోవచ్చు. ఇక్కడ అరగంటకే అల్లుకున్నాయి.

ఏ డైనోలన్నది మైక్రోస్కోప్ చెప్పాలి. ఈ విషయంలో భీమవరంలో ఉన్నవాళ్లు అదృష్టవంతులు. రొయ్యల చెరువుల నీళ్లు చూసే ల్యాబులు ఇక్కడున్నంతగా దేశంలో చాలా చోట్ల ఉండవు. యజమాని రోజూ శాంపిళ్లు పంపే ల్యాబ్‌కే సీసా పట్టుకెళ్లాం. అక్కడి టెక్నీషియన్ అమ్మాయికి చెరువు నీళ్లలో ప్లాంక్టన్ చూడటం రోజూ చేసే పని. 40 ఆబ్జెక్టివ్ పెట్టగానే, "సార్, ఇవి బొట్టు ఆకారంలో ఉన్నాయి, ముక్కు నేలకి ఆనించి చుట్టూ తిరుగుతున్నాయి," అంది. నేనూ చూశాను. కన్నీటి బొట్టులాంటి కణాలు, మొనదేలిన కొస దగ్గర కట్టేసినట్టు ఉండి అక్కడక్కడే గుండ్రంగా తిరుగుతున్నాయి. ఆస్ట్రియాప్సిస్, విషం తయారుచేసే డైనో రకం. నత్తలు ఎందుకు చచ్చాయో కూడా దాంతో తేలిపోయింది.

ఈ రకం తెలియడం వైద్యానికి చాలా ముఖ్యం. ఆస్ట్రియాప్సిస్ రాత్రిపూట ఇసుకనీ రాళ్లనీ వదిలి నీళ్లలోకి లేస్తుంది, కాబట్టి తన ముందు నుంచి పారే నీళ్లలోని కణాలని చంపే యూవీ దీపానికి దొరుకుతుంది. ఇసుకలోనే దాక్కునే పెద్ద రకం యాంఫిడీనియం అయి ఉంటే యూవీ కొన్న డబ్బు దండగే. అప్పుడు సిలికేట్ పోసి డయాటమ్‌లని పెంచి వాటితో పోటీ పెట్టాల్సి వచ్చేది. పైకి చూస్తే రెండూ ఒకే గోధుమ జిగురు.

జాగ్రత్త గురించి ఒక మాట. ఆస్ట్రియాప్సిస్ తయారుచేసే విషాలు పాలీటాక్సిన్ జాతివి. 2005 వేసవిలో ఇటలీలోని జెనోవా తీరంలో ఇది విపరీతంగా పెరిగినప్పుడు, గాలిలో తేలే తుంపర్ల వల్లే దాదాపు 200 మందికి దగ్గు, జ్వరం వచ్చి వైద్యం చేయించుకోవాల్సి వచ్చింది. జోఆంథిడ్‌లలోనూ అదే జాతి విషం ఉండొచ్చు. కాబట్టి గ్లౌజులు, కళ్లద్దాలు, మాస్క్ లేకుండా చేయి పెట్టనివ్వలేదు. రాళ్లు బయటికి తీసి వేడినీళ్లు పోయడం, ఉడకబెట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. ఆ ఆవిరి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఆస్పత్రి పాలే. మనవలని ఆ గదిలోకి రానివ్వొద్దని వాళ్ల అమ్మమ్మగారికి చెప్పాను. ఆవిడ తలుపుకి గొళ్లెం పెట్టించారు.

వైద్యం

మొదట జీఎఫ్ఓ తీసేశాం. నీటి మార్పిడులు ఆపేశాం. నీళ్లు మార్చిన ప్రతిసారీ జిగురు ఇంకా చెలరేగడం యజమానే గమనించారు. ఇతర ట్యాంకుల్లో నేనూ అదే చూశాను. చచ్చే కణాల నుంచి విషం నీళ్లలోకి వస్తుంది కాబట్టి యాక్టివేటెడ్ కార్బన్ పెట్టి, దాన్ని తరచూ మార్చాం.

తర్వాత, పోషకాలు తిరిగి పోయడం. ఇక్కడే యజమానికి టెన్షన్ పట్టుకుంది. "నాచుకి ఎరువేస్తామా?" అన్నారు. నిజమే, వేసింది అక్షరాలా ఎరువే. పొటాషియం నైట్రేట్, మోనో పొటాషియం ఫాస్ఫేట్. ఎరువుల కొట్లో 13-0-45, 0-52-34 అని అమ్మేవి ఇవే లవణాలు. అయితే కొట్లో దొరికే సంచి సరుకు వాడలేదు, అందులో ఇంకేం కలిసుందో చెప్పలేం. ల్యాబ్ గ్రేడ్ తెప్పించాం. లెక్క ఇది: 57 గ్రాముల పొటాషియం నైట్రేట్‌ని లీటరు శుద్ధ జలంలో కరిగిస్తే, ఆ ద్రావణం 10 మిల్లీలీటర్లు 350 లీటర్ల ట్యాంక్‌లో నైట్రేట్‌ని 1 పీపీఎం పెంచుతుంది. ఒక గ్రాము మోనో పొటాషియం ఫాస్ఫేట్‌ని లీటరులో కరిగిస్తే, 10 మిల్లీలీటర్లు ఫాస్ఫేట్‌ని 0.02 పీపీఎం పెంచుతాయి. పోసేముందు, పోశాక రెండుసార్లూ కొలవాలి. గురి నైట్రేట్ 5 నుంచి 10, ఫాస్ఫేట్ 0.05 నుంచి 0.1.

నైట్రేట్ చెప్పినట్టే పెరిగింది. ఫాస్ఫేట్ మొండికేసింది. పొద్దున్న పోస్తే సాయంత్రానికి సున్నా. జీఎఫ్ఓ రోజుల్లో నీళ్లతో పాటు రాళ్లలో పట్టి ఉన్న ఫాస్ఫేట్ కూడా లాగేశారు, ఇప్పుడు రాళ్లు తమ వాటా పీల్చుకున్నాకే నీళ్లలో మిగులుతుంది. ఇది తెలియకపోతే కిట్ పాడైందనుకుంటారు, లేదా ఒకేసారి ఎక్కువ పోసేస్తారు. చిన్న మోతాదులతో రోజూ పోస్తూ పోయాం. నిలబడటానికి వారాలు పట్టింది. మేత కూడా రోజుకోసారికి పెంచాం. మైసిస్, మంచి పెల్లెట్లు, అదీ ఒక్కరి చేత్తోనే.

ఇంతలో యూవీ వచ్చింది. 36 వాట్లది పెట్టించాను. ఈ పనికి పది లీటర్లకి ఒక వాట్ ఉంటే నాకు నమ్మకం. దాన్ని సంప్‌లో పెట్టలేదు. ట్యాంక్‌లోంచే నీళ్లు తీసుకుని ట్యాంక్‌లోకే వదిలేలా గొట్టాలు వేశాం. రాత్రి కణాలు లేచేది ట్యాంక్‌లోనే కాబట్టి వాటిని అక్కడే పట్టుకోవాలి. పంపు నెమ్మదిగా తిప్పాం, వేగంగా వెళ్తే కణానికి సరిపడా దెబ్బ తగలదు. యూవీ నీళ్లని వేడెక్కిస్తుంది కూడా. చిల్లర్ లేని ట్యాంక్‌కి మన ఎండల్లో ఈ సంగతి చూసుకోకుండా పెట్టకూడదు. ఇక్కడ నీళ్లు 26 డిగ్రీలు దాటనివ్వలేదు.

నైట్రేట్, ఫాస్ఫేట్ కాస్త నిలబడ్డాక మూడు రోజులు ట్యాంక్‌ని చీకటి చేశాం. చెరువుల పనికి తెచ్చి మిగిలిన నల్ల షీటు ఇంట్లో ఉంటే దాన్నే అద్దాల చుట్టూ చుట్టాం. లైట్లు పూర్తిగా బంద్, యూవీ రాత్రీ పగలూ. మెత్తటి పగడాలు మూడు రోజులు తట్టుకుంటాయి. అసలు భయం ఆక్సిజన్. చీకట్లో నాచు ఆక్సిజన్ ఇవ్వదు, చచ్చే కణాలు ఉన్నది తినేస్తాయి. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోవడం అంటే ఏంటో రొయ్యల రైతుకి విడమరచి చెప్పక్కర్లేదు. ఆయనే చెరువు దగ్గర వాడే బ్యాటరీ ఏరేటర్ తెచ్చి పెట్టి, రాత్రి లేచి లేచి చూసుకున్నారు. ఆ మూడు రోజుల్లో ఒకసారి కరెంటు చాలాసేపు పోయింది. ఆ ఏరేటరే కాపాడింది.

షీటు తీశాక తీగలు లేవు. అక్కడక్కడ పలచటి మరక మాత్రమే.

ఖాళీ అయిన రాళ్లని అలా వదిలేయలేదు. నేను చూసే పాత ట్యాంక్ ఒకదాని నుంచి, రోగాలు లేవని నమ్మకం కుదిరాక, కప్పుడు ఇసుక, రెండు చిన్న రాళ్లు, కోపీపాడ్‌లనే చిన్న జలజీవులు తెచ్చి వేశాం. నా మట్టుకు ఎండు రాయి ట్యాంకులకి ఇదే అసలైన మందు. యూవీ శత్రువుని తగ్గిస్తుందే గానీ దాని చోట్లో కూర్చోదు. ఎవరో ఒకరు కూర్చోవాలి.

వాడనివి

ఇంట్లోకి సలహాలు చాలా వచ్చాయి. ఫ్లూకొనజోల్ వేయమన్నారు ఒకరు. అది బ్రయోప్సిస్ మీద బాగా పనిచేసే మందు, డైనోలకి దాంతో పని లేదు. హైడ్రోజన్ పెరాక్సైడ్ అన్నారు ఇంకొకరు. అప్పటికే విషంతో నీరసించిన ట్యాంక్‌లో దాన్ని పోయడానికి నా మనసొప్పలేదు. ఎరిత్రోమైసిన్ సంగతి మాత్రం గట్టిగా మాట్లాడాలి. సయానోబ్యాక్టీరియా మీద అది పనిచేస్తుందని విని, జిగురు కనబడగానే యాంటీబయాటిక్ వేసేవాళ్లున్నారు. డైనోలు బ్యాక్టీరియా కాదు, వాటికది తగలదు. ట్యాంక్‌ని నిలబెట్టే బ్యాక్టీరియాకి మాత్రం తగులుతుంది, డైనోలకి ఉన్న ఆ కాస్త పోటీ కూడా పోతుంది. ఇంకో సంగతి, ఆ నీళ్లు చివరికి వెళ్లేది డ్రెయిన్‌లోకి, అక్కడి నుంచి యనమదుర్రు మురుగు కాలువలోకి. యాంటీబయాటిక్ అవశేషాల వల్ల రొయ్యల సరుకు వెనక్కొస్తే ఎంత నష్టమో తెలిసిన ఊళ్లో, అలంకారపు ట్యాంక్ కోసం ఆ మందు వాడటం నాకు అసహ్యం.

మళ్లీ గోధుమ రంగు, తర్వాత మళ్లీ పచ్చ

శ్రావణ మాసంలో ఫోన్ వచ్చింది. ఇసుక మీద మళ్లీ గోధుమ రంగు, మళ్లీ చీకటి చేసేద్దామా అని. చేయొద్దని, శాంపిల్ పట్టుకెళ్లమన్నాను. ల్యాబ్ అమ్మాయి వాట్సాప్‌లో పంపిన వీడియోలో పడవ ఆకారపు బంగారు రంగు కణాలు నెమ్మదిగా జారుతూ కనబడ్డాయి. డయాటమ్‌లు. తీగలు లేవు, బుడగలు లేవు, కొత్తగా వేసిన నత్తలు వాటినే మేస్తున్నాయి. చేయి పెట్టొద్దన్నాను. వాటికవే తగ్గాయి. మైక్రోస్కోప్ లేకుండా ఆ రోజు చీకటి చేసి ఉంటే, డైనోల చోట్లో కూర్చున్నవాటిని మనమే లేపేసినట్టయ్యేది.

ఆ తర్వాత అద్దాల మీద పచ్చ పొర, ఒక రాయి మీద కాస్త జుట్టు నాచు వచ్చాయి. దాంతో యజమాని మళ్లీ జీఎఫ్ఓ డబ్బా వైపు చూశారు. ఆ నాచు రావడమే ట్యాంక్ కోలుకుంటోందనడానికి గుర్తని ఆయనకి నచ్చజెప్పడానికి చాలా మాట్లాడాల్సి వచ్చింది. చివరికి ఆయన మాటల్లోనే దారి దొరికింది. "చెరువులో బ్లూమ్ (నీళ్లకి రంగిచ్చే సూక్ష్మ నాచు) పూర్తిగా పడిపోతే భయపడతాంగానీ, రంగు కాస్త చిక్కగా ఉంటే భయపడం కదండీ," అన్నారు. ఆ తర్వాత డబ్బా సంగతి ఎత్తలేదు.

ఆ నాచుని చేత్తో పీకి, టూత్‌బ్రష్‌తో రుద్ది, ఊడినదాన్ని అప్పటికప్పుడే సైఫన్‌తో లాగేశాం. నీళ్లలో వదిలితే అదే మళ్లీ పట్టుకుంటుంది. బ్లెనీ డొక్కలు నిండాయి. సంప్‌లో ఒక అర కీటోమార్ఫా (కీటో) అనే పచ్చ నాచుకి కేటాయించి, దానికి రాత్రిపూట లైట్ పెట్టాం. ట్యాంక్ లైట్లు ఆరినప్పుడు అది వెలిగితే రాత్రి పీహెచ్ మరీ పడిపోకుండా ఉంటుంది. పోషకాలు ఎక్కువైతే తీయాల్సిన దారి ఇది: పెరిగిన కీటోని కోసి బయట పడేయడం. తగ్గితే తక్కువ కోస్తే సరిపోతుంది. జీఎఫ్ఓకి ఆ వెసులుబాటు లేదు.

నీళ్ల ఏర్పాటు

మూలం నీళ్ల దగ్గరుంది కాబట్టి దీని మీద ఖర్చు పెట్టించాను. ఇంట్లోనే నీళ్లని శుద్ధి చేసే నాలుగు దశల ఆర్ఓ-డీఐ యూనిట్: సెడిమెంట్, కార్బన్, మెంబ్రేన్, చివర్లో మిగిలిన లవణాలని పట్టే డీఐ రెసిన్. బయటికొచ్చే నీళ్లు టీడీఎస్ సున్నా. పేరుపాలెం నీళ్లు బంద్, సాల్ట్ మిక్స్ ఒకటే.

ఇక్కడ రెండు జాగ్రత్తలు మన ప్రాంతానివి. గోదావరికి వరదొచ్చి కాలువల్లో ఎర్ర నీళ్లు పారే రోజుల్లో సెడిమెంట్ ఫిల్టర్ చాలా తొందరగా మూసుకుపోతుంది, డబ్బా మీద రాసిన గడువు నమ్మకూడదు. వేసవిలో బోరు నీళ్లకి మారితే రెసిన్ తొందరగా అయిపోతుంది. రెసిన్ అయిపోయేటప్పుడు ముందుగా జారేది సిలికేట్, దాన్ని టీడీఎస్ మీటర్ పట్టుకోలేదు. అందుకే కాలువలు కట్టేసే ముందే కొత్త రెసిన్ వేసుకోవాలి, మీటర్ సున్నా చూపిస్తున్నా సరే.

ఆల్కలినిటీ (క్షారత) మాత్రం రొయ్యల ల్యాబ్‌లోనే చూపించుకుంటున్నారు. వాళ్లు కాల్షియం కార్బొనేట్ పీపీఎంలో చెబుతారు, దాన్ని 17.9తో భాగిస్తే అక్వేరియంవాళ్లం వాడే కొలత డీకేహెచ్ వస్తుంది. ఈమధ్య వచ్చిన 143 అంటే 8 డీకేహెచ్, సరిగ్గా ఉంది. ఫాస్ఫేట్‌కి ఆ ల్యాబ్ పరీక్ష సరిపోదు, 0.05కీ 0.1కీ తేడా అందులో తెలియదు. దానికి హానా చెకరే. హెచ్చవేయడం మర్చిపోకుండా మీటర్ వెనక 3.066 అని స్టిక్కర్ అంటించారు ఆయన.

ఇప్పుడు ఎలా ఉంది

నైట్రేట్ 8, ఫాస్ఫేట్ 0.07 దగ్గర నిలబడ్డాయి. నైట్రేట్, ఫాస్ఫేట్ ద్రావణాలు పోయడం మానేసి చాలా రోజులైంది, మేతతోనే సరిపోతోంది. యూవీ రాత్రిళ్లు మాత్రమే నడుస్తోంది. లెదర్ కోరల్ చర్మం వదిలి పూర్తిగా విచ్చుకుంది. జోఆంథిడ్‌లలో రెండు గుంపులు తిరిగి రాలేదు. మూడో గుంపు కొత్త తలలు వేస్తోంది. ఎడమ వైపు రాయి వెనక నాలుగైదు బుడగ నాచులు, వెలోనియా, కనబడ్డాయి. అవి నీళ్లలో చిట్లితే వ్యాపించొచ్చు కాబట్టి, రాయి బయటికి తీసి ఒక్కోటి మొదలంటా పెకలించాలి. అదే రాయి మీద జోఆంథిడ్‌లూ ఉన్నాయి కాబట్టి గ్లౌజులు, కళ్లద్దాలతోనే. ఆ పని వచ్చేవారం పెట్టుకున్నాం.